మందారపు ఆకుముడతకు పేరు పెట్టవలసినవారెవరు?

కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9వ తేదీన ‘క్లీన్ ప్లాంట్ ప్రోగ్రామ్’ అనే పథకాన్ని ఆమోదించిన విషయం పాఠకులకు విదితమే. రూ. 1,765.67 కోట్ల వ్యయంతో తొమ్మిది కేంద్రాలు నెలకొల్పి, వైరస్ సోకని తల్లిమొక్కలను అక్కడ పరీక్షించి పెంచి, వాటి అంట్లనూ కొమ్మలనూ నర్సరీలకు అందించాలన్నది ఈ పథకం ఉద్దేశం. ద్రాక్షకు పుణెలో, దానిమ్మకు సోలాపూర్‌లో, మామిడి, జామలకు బెంగళూరులో కేంద్రాలుంటాయని ప్రకటించారు. పండ్లతోటల రైతులకు ఇది ఏనాడో అందవలసిన సాయం. ఆలస్యంగానైనా అందుతున్నందుకు సంతోషించాలి. అయితే ఆ జాబితాను మొదటి నుండి చివరి వరకు చదివినవారికి ఒక వెలితి కనిపిస్తుంది. అందులో ఉన్నవన్నీ పండ్ల మొక్కలే. ఇంటి ముంగిట, గుడి ఆవరణలో, బడి కంచె వెంట మనం నాటుకునే పూలపొదలకు అందులో చోటు లేదు.

పూలపొదకు తెగులు సోకితే లోకానికి వచ్చే నష్టమేమిటని ఎవరైనా ప్రశ్నించవచ్చు. మూడేళ్ల క్రితం వరకు నాదీ అదే ప్రశ్న. నేను పనిచేసే బడి కర్ణాటక వైపున ఉంది. మా బడి గంట కొడితే ఆంధ్ర వైపు పొలాల్లో కలుపు తీసేవారికి వినిపిస్తుంది. ప్రహరీ వెంట రెక్క మందారపు మొక్కలు ఒక వరుసగా ఉండేవి. ఉదయం ప్రార్థనకు పిల్లలు పూలు కోసేది వాటి నుండే. సంతలో కొన్న నాలుగు కొత్త మొక్కలను ఖాళీలలో నాటాము. మరుసటి వేసవికి ఆ వరుసలో మార్పు వచ్చింది. లేత ఆకులు పైకి ముడుచుకొని దొన్నెల వలె అయ్యాయి. ఈనెలు లావెక్కాయి. ఆకును తిప్పి చూస్తే వెనుకవైపు ఈనె మీద మరొక చిట్టి ఆకు మొలిచినట్లు పచ్చని పొర ఒకటి లేచి ఉంది. పూలు ముందు చిన్నవయ్యాయి, ఆ తరువాత మొగ్గ తొడగడమే తగ్గింది.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక మాట చెప్పవలసి ఉంది. మనం మందారం అంటాము, కన్నడంలో దాసవాళ, మరాఠీలో జాస్వంద, ఒడియాలో మందారమే. తమిళంలో మాత్రం సెంబరుత్తి. ఆ మాటకు ఎర్ర పత్తి అని అర్థం. వృక్షశాస్త్రం చదవకుండానే తమిళులు మందారాన్నీ పత్తినీ ఒకే ఇంటి బిడ్డలుగా గుర్తించారు. శాస్త్రం చెప్పేదీ అదే. పత్తి, బెండ, గోగు, తుత్తురుబెండ, మందారం అన్నీ ఒకే కుటుంబం. ఒక ఇంటిలో జ్వరం వస్తే పక్క మంచానికి పాకినట్లు, ఈ కుటుంబంలో ఒక మొక్కకు సోకిన వైరస్ మరొకదానికి పాకే అవకాశం ఉంటుంది. పత్తి ఏడాదిలో ఒక కారు మాత్రమే పొలంలో నిలుస్తుంది. బెండ మూడు నాలుగు నెలల పంట. మందారం ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది. పొలాలు ఖాళీగా ఉన్న వేసవిలో వైరస్‌కూ, దానిని మోసే పురుగుకూ నిలువ నీడ ఎక్కడ దొరుకుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

ముడత అనే మాట మన రైతుకు కొత్త కాదు. మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగనీ, కిందికి ముడిస్తే నల్లి అనీ గ్రహించి, వాటినే పై ముడత, కింది ముడత అని పిలుస్తాడు. మొక్క అంతా గిడసబారి ఆకులు బొబ్బలెక్కితే బొబ్బర తెగులని చెప్పి, అది వచ్చిన మొక్కకు మందు లేదని పెదవి విరుస్తాడు. మూడు ముడతలకు మూడు కారణాలు. మందారంలోనూ ఇంతే. పిండినల్లి పట్టిన కొమ్మ కూడా ముడుచుకొని గుత్తి కడుతుంది. ఆ పురుగు రసం పీలుస్తూ మొక్కలోకి వదిలే పదార్థమే ఆ వికారానికి కారణం. వేలితో రాస్తే తెల్లని మైనం అంటుకుంటుంది. కొమ్మను నరికి పురుగును వదిలించుకుంటే తరువాతి చిగురు చక్కగా వస్తుంది. ఆకుల మీద పసుపు వలయాలు వేసే హైబిస్కస్ క్లోరోటిక్ రింగ్‌స్పాట్ అనే మరొక వైరస్ కూడా ఉంది. అది తోటమాలి కత్తి వెంట, కత్తిరించి నాటిన కొమ్మల వెంట ప్రయాణిస్తుంది. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ కత్తికి అంటదు. కాని అదీ కొమ్మలో దాగి ఊరు దాటగలదు. ఏది ఏదో తెలియకుండా సీసా మూత తీసినవాడు డబ్బూ, ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకుంటాడు.

పురుగు పేరు విషయంలో సరిహద్దువారి అవస్థ మరొకటి. తెలుగులో తెల్లదోమ అంటున్నది కన్నడంలో బిళి నొణ, అనగా తెల్ల ఈగ. కన్నడ కరపత్రం ఇంటికి వస్తే బడికి వెళ్లే పిల్లవాడు చదివి వినిపించాలి. ఒక పెద్దాయన అది విని, ‘ఈగలకు మందేంది సారూ, మనం కొట్టేది దోమకు గదా’ అని నన్ను అడిగాడు. తప్పు ఆయనది కాదు.

ఒక మొక్కలో వైరస్‌ను గుర్తించడం ఎంతటి పనో తెలుసుకుంటే గాని, అది రైతుకూ బడిపంతులుకూ అప్పగించదగినది కాదని అర్థం కాదు. పత్తి ఆకుముడత తెగులు పాకిస్తాన్‌లోని ముల్తాన్ ప్రాంతంలో 1967లో తొలిసారి కనిపించింది. రెండు దశాబ్దాలు చిల్లర తెగులుగా ఉండి 1990ల ఆరంభంలో ఆ దేశపు పత్తిని కుదిపివేసింది. మన దేశంలో 1993లో రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ ప్రాంతంలో కనిపించి, పంజాబ్, హర్యానాలకు పాకింది. తెగులు పట్టిన మొక్కలో జెమిని వైరస్ ఉన్నదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కాని చిక్కు అక్కడే వచ్చింది. వేరుచేసిన ఆ వైరస్‌ను ఆరోగ్యంగా ఉన్న పత్తిమొక్కలోకి ఎక్కిస్తే తెగులు లక్షణాలు రాలేదు. అనుమానితుడు దొరికాడు గాని నేరం రుజువు కాలేదు. 1999లో వైరస్‌ను అంటిపెట్టుకొని ఉండే ఒక చిన్న డీఎన్ఏ వలయం దొరికింది. దానిని కలిపి ఎక్కించినా ఫలితం లేదు. 2001లో మరొక వలయం దొరికింది. దానినే ఇప్పుడు బీటాశాటిలైట్ అంటున్నారు. అసలు వైరస్ వలయం సుమారు 2,700 అక్షరాల పొడవు. ఈ రెండవది అందులో సగమే. దీనికి సొంతంగా బ్రతికే శక్తి లేదు, వైరస్ మీద ఆధారపడవలసిందే. అయినా రెండింటినీ కలిపి ఎక్కించిన తరువాతనే ఈనెలు లావెక్కాయి, ఆకు వెనుక ఆకు మొలిచింది. తెగులు కనిపించిన ముప్పై నాలుగేళ్లకు గాని కారణం పూర్తిగా రుజువు కాలేదన్నమాట. నాకు ఈ కథలో నచ్చినది శాస్త్రజ్ఞుల ఓపిక. వైరస్ దొరికింది కదా అని వారు అక్కడితో ఆగి ఉంటే, అసలు దోషి ఇప్పటికీ చాటునే ఉండేది.

అందువల్ల ఆకును చూసి ‘ఇది వైరస్’ అనడం వేరు, ఏ వైరస్ అని నిర్ధారించడం వేరు. ఆకు నుండి డీఎన్ఏ తీయాలి. పీసీఆర్ పద్ధతిలో వైరస్ ముక్కను లక్షలాదిగా పెంచాలి. దాని అక్షరక్రమం మొత్తం చదవాలి. అప్పటికే నమోదైన వైరస్‌లతో పోల్చాలి. ఈ జాతి వైరస్‌లలో ప్రధాన వలయపు క్రమం తెలిసిన వాటన్నిటితో 91 శాతం కంటే తక్కువ పోలితేనే దానిని కొత్తదిగా పరిగణించాలని 2015లో అంతర్జాతీయ నిపుణులు ఒక గీత గీశారు. ఆ తరువాత తెల్లదోమ దానిని మోస్తుందా, ఏయే మొక్కలకు అంటిస్తుంది, వేరుచేసి ఎక్కిస్తే అదే తెగులు మళ్లీ వస్తుందా అన్నది చూడాలి. బడిలో చేరే పిల్లవానికి పేరు, ఊరు, ఇంటిభాష, బదిలీ పత్రం అన్నీ అడిగి గాని రిజిస్టరులో ఎక్కించము. వైరస్‌కూ అటువంటి రిజిస్టరే ఉంది.

మందారం విషయంలో ఈ పని దక్షిణాదిన జరగలేదని కాదు. మందారానికి సోకే జెమిని వైరస్ ఏయే మొక్కలకు పాకుతుంది, తెల్లదోమతో దాని సంబంధం ఎటువంటిది, దాని జన్యుక్రమం ఏమిటి అనే అంశాలపై బెంగళూరులో పనిచేసిన శాస్త్రజ్ఞులతో కూడిన బృందం 2005లో ఒక పరిశోధన ప్రచురించింది. అదే ఏడాది దక్షిణ భారతంలోని పొడవుపింజ పత్తిలో మరొక కొత్త వైరస్ బయటపడింది. అది ఇప్పుడు ‘కాటన్ లీఫ్ కర్ల్ బెంగళూరు వైరస్’ అనే పేరుతో శాస్త్ర గ్రంథాలలో ఉంది. ఉత్తరాదిలో వచ్చినంతటి విలయం మన వైపు పత్తికి రాలేదు. అది మన అదృష్టం. అదృష్టం మీద ఆధారపడి ఎన్నాళ్లు నిశ్చింతగా ఉండగలమన్నదే నా సందేహం.

ఈ సందేహానికి ఆధారం చైనాలో ఉంది. 2006లో ఆ దేశపు దక్షిణ నగరమైన గ్వాంగ్‌జౌలో మందారపు మొక్కలలో ఆకుముడత కనిపించింది. పరిశీలించగా అది పత్తిని ముంచిన ముల్తాన్ వైరస్సే అని తేలింది, వెంట బీటాశాటిలైట్ కూడా ఉంది. పత్తి పొలంలో పుట్టిన వైరస్ పత్తితో కాక, అలంకారపు పొదతో కొత్త దేశంలో ప్రవేశించిందన్నమాట. ఆ తరువాత అది చైనాలోని ఇతర రాష్ట్రాలకు పాకింది. బెండలోనూ, పత్తిలోనూ కనిపించింది. 2012లో ఫిలిప్పీన్స్‌లోని మందారాలలోనూ దానిని కనుగొన్నారు. చైనా శాస్త్రజ్ఞులు మరొక విశేషం గమనించారు. మన కంటికి తెల్లదోమలన్నీ ఒకటే. నిజానికి అవి పైకి ఒకేలా ఉండే వేర్వేరు జాతుల గుంపు. వాటిలో ‘ఏషియా 2-7’ అనే రకం ఈ వైరస్‌ను సమర్థంగా మోస్తుంది. ప్రపంచమంతటా వ్యాపించిన ‘మియామ్-1’, ‘మెడ్’ అనే రకాలు అంతగా మోయలేవు. కాబట్టి వైరస్‌ను గుర్తిస్తే చాలదు, దాని వాహనాన్నీ గుర్తించాలి. తెల్లదోమ కనిపించిన ప్రతిచోటా ప్రమాదం ఒకే స్థాయిలో ఉండదు.

గుర్తింపు ఆలస్యమైతే ఏమవుతుందో మన ప్రాంతానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 1997లో అప్పటి కోలారు జిల్లాలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడు చేలు మాడిపోయాయి. బాగేపల్లి అంటే ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడే తాలూకా. ఆ తెగులును మొదట మరొక జాతి వైరస్‌గా అనుమానించారు. మూడేళ్ల తరువాత, 2000 వానకారులో, గీత దాటి పక్కనే ఉన్న అనంతపురం జిల్లాలో వేరుశనగ కాండాలు నల్లబడి మొక్కలు ఎండిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం రూ. 300 కోట్లకు పైమాట. చూడగానే అందరికీ తట్టినది అంతకుముందే తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి అది కాదనీ, టొబాకో స్ట్రీక్ వైరస్ అనీ తేల్చారు. పొద్దుతిరుగుడును మాడ్చిందీ ఆ వైరస్సే.

పేరు మారితే ఏం ఒరిగిందని అనుకోవద్దు. పేరుతో పాటు మార్గం బయటపడింది. ఈ వైరస్‌కు ఇల్లు వయ్యారిభామ. కన్నడ పిల్లలు కాంగ్రెస్ గిడ అనేది దానినే. ఆ కలుపు మొక్క ఏ లక్షణమూ చూపకుండా వైరస్‌ను తనలో దాచుకొని పుప్పొడిలో నింపుతుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొని వేరుశనగ మీద వాలి, ఆకును గీకినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. అందుచేత పొలం గట్ల మీద వయ్యారిభామను పూత రాకముందే పీకివేయడం, చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న లేదా సజ్జ దట్టంగా వేసి పురుగులను అడ్డుకోవడం వంటి చౌక ఉపాయాలు రైతుకు అందాయి. పనికిరాని మొక్కను ఎవరూ పరీక్షించరు గనుక ఆ వైరస్ అందులో దాగింది. అందమైన మొక్కను కూడా ఎవరూ పరీక్షించరు. ఈ రెంటికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

ఇక మా బడి సంగతికి వస్తాను. ప్రహరీ వెనుక అరెకరంలో బెండ వేసే రైతు ఒకరున్నారు. గత ఏడాది ఆయన తోటలో ఈనెలు పసుపుపచ్చగా వల అల్లినట్లయి, కాయలు తెల్లబారి, సంతలో ఎవరూ కొనలేదు. ఆయన నేరుగా బడికి వచ్చి, ‘సారూ, మీ దాసవాళం చెట్లే నా తోటకు తెగులు అంటించినాయి, కొట్టేయండి’ అన్నారు. చుట్టుపక్కల నలుగురు ఆయననే సమర్థించారు. పెట్టిన పెట్టుబడి వడ్డీకి తెచ్చినదని అందరికీ తెలుసు. నేను ‘అన్నా, కొంచెం ఆగండి, ఏదో తెలుసుకుందాం’ అన్నాను. ఆ మాట అన్నందుకు ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

నేను ఆగమన్నది మందారం మీద మమకారంతో కాదు. బెండలో వచ్చే పసుపు ఈనెల తెగులు 1924 నుండి నమోదై ఉంది. దానికి సొంత వైరస్ ఉంది. దానికీ ఒక బీటాశాటిలైట్ తోడు ఉండాలని మదురైలోని శాస్త్రజ్ఞులు 2003లో నిరూపించారు. ఆ వైరస్ మందారం మీద ఆధారపడకుండా ఒక బెండతోట నుండి మరొక బెండతోటకు నిరాటంకంగా తిరుగుతుంది. కాబట్టి ఆయన తోట చెడినది మా కంచె వల్ల కాకపోవచ్చు, ఎగువన మరొకరు వేసిన బెండ వల్ల కావచ్చు. చైనాలో జరిగినది చూస్తే మా కంచె వల్లనే కూడా కావచ్చు. రెండు ఆకులను ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన పెట్టి అక్షరక్రమం చదివితే గాని దీనికి జవాబు లేదు. వైరస్‌ను గుర్తించడం పంటను కాపాడటానికే అనుకుంటాము. ఇరుగుపొరుగు మధ్య నింద పడకుండా కాపాడటానికి కూడా అది అవసరమని నాకు అప్పుడు అర్థమైంది.

ఆకులు పట్టుకొని వెళ్లాను. ఇటువైపు కార్యాలయంలో ఒక ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, ‘ఇది పంట కాదు కదా మాస్టారూ, పూలమొక్క’ అన్నారు. బెండ ఆకు తీసి చూపితే, రైతు పొలం గీత ఆవల ఉంది గనుక అటు వెళ్లమన్నారు. అటువైపు వెళ్తే బెండ ఆకు తీసుకొని మందారపు ఆకును తిరిగి ఇచ్చారు, బడి వారి రాష్ట్రంలో లేదు గనుక. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు, నిబంధన తప్పలేదు. తెల్లదోమకు ఆ నిబంధన తెలియదు, అంతే. ఆ బెండ ఆకు ఫలితం కూడా నేటికీ రాలేదు.

చట్టం ఏమి చెబుతున్నదో కూడా చూద్దాం. మన దేశంలో మొక్కల తెగుళ్ల రవాణాను నియంత్రించే మూల చట్టం 1914 నాటిది. విదేశాల నుండి వచ్చే మొక్కలకు 2003 నాటి ఉత్తర్వు ప్రకారం తనిఖీ ఉంది. దేశం లోపల, రాష్ట్రానికీ రాష్ట్రానికీ నడుమ, కట్టడి ప్రకటించినది తొమ్మిదింటికి మాత్రమే. వాటిలో రెండే వైరస్ తెగుళ్లు, రెండూ అరటివే. గుత్తి తెగులు కారణంగా తమిళనాడు, కేరళ, ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాంల నుండీ, మొజాయిక్ కారణంగా మహారాష్ట్ర, గుజరాత్‌ల నుండీ అరటి పిలకలు బయటికి పోరాదు. కాగితం మీద ఉన్న ఆ నిషేధం రోడ్డు మీద ఎంత నిలిచిందో సరిహద్దు గ్రామాలవారికి నేను చెప్పనక్కరలేదు. ఈ వ్యవస్థను మార్చడానికి 2013లో వ్యవసాయ జీవభద్రత బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. అది ఆమోదం పొందకుండానే మరుసటి ఏడాది సభతో పాటు మురిగిపోయింది.

దీనికి మందు మరొక చెక్‌పోస్టు అని నేను అనను. చెక్‌పోస్టులలో ఆగిన అనుభవం మనకు చాలినంత ఉంది. మొక్కల బండిని ఆపి ఆకులు తిప్పి చూసినంత మాత్రాన, లక్షణం ఇంకా బయటపడని వైరస్ దొరకదు. పట్టుకోవలసిన చోటు దారి కాదు, మొదలు. మందారాన్ని విత్తనం నుండి కాక కొమ్మ నుండి పెంచుతారు. ఒక తల్లిమొక్క నుండి వందల కొమ్మలు. తూర్పు గోదావరిలోని కడియం వంటి నర్సరీల సీమ నుండి మొక్కలు లారీలలో దేశం నలుమూలలకు పోతాయి. యానాం వీధులలో పూసే మందారమూ, ముంబై బాల్కనీలో పూసే మందారమూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. నర్సరీ రైతును నేను దోషిగా చూపడం లేదు. తన తల్లిమొక్క శుభ్రమైనదని రుజువు చేసుకోవాలని కోరుకునే నర్సరీ రైతుకు కూడా ఈనాడు దగ్గరలో చౌకగా పరీక్ష చేసే దిక్కు లేదు. ద్రాక్షకు కల్పిస్తున్న ఏర్పాటులో చిన్న భాగం పూలపొదల తల్లిమొక్కలకు కల్పించినా చాలు. కొత్త కేంద్రాలు కూడా అక్కరలేదు. బెంగళూరు కేంద్రం పరీక్షించే మామిడి ఆకుల పక్కన మందారపు ఆకులకు ఒక పెట్టె చాలు. సరిహద్దు తాలూకాల నుండి వచ్చే నమూనాకు పట్టాదారు పుస్తకం ఏ రాష్ట్రానిదని అడగకుండా తీసుకోవాలి. ఫలితాన్ని ఇరు భాషలలో రాసి పంపాలి. పథకం ఇంకా నిలదొక్కుకుంటున్న దశలోనే ఈ కోరిక వినిపించడం మంచిది. జాబితాలు గట్టిపడిన తరువాత వాటిలో పేరు చేర్చడం ఎంత కష్టమో రేషన్ కార్డు ఉన్నవారందరికీ తెలుసు.

అంతవరకు ఇంటి మట్టుకు చేయదగినవి కొన్ని ఉన్నాయి. మొక్క కొనేటప్పుడు పువ్వును కాక ఆకు వెనుక భాగాన్ని చూడండి. తెచ్చిన మొక్కను వెంటనే కంచెలో నాటక, రెండు మూడు వారాలు వేరుగా ఉంచి కొత్త చిగురు ఎలా వస్తుందో గమనించండి. పిండినల్లి అయితే వేలికి తెలుస్తుంది. పురుగు పోయినా ప్రతి చిగురూ ముడుచుకొనే వస్తుంటే మొక్క మొత్తాన్ని తీసివేయడమే మేలు. వేరొక చోట నాటడానికి దాని కొమ్మను ఎవరికీ ఇవ్వవద్దు. తీసేటప్పుడు తెల్లవారుజామున, తెల్లదోమలు మందకొడిగా ఉన్న వేళ, సంచి కప్పి తీయాలి. మిట్టమధ్యాహ్నం నరికితే అవి లేచి పక్క చేను మీద వాలుతాయి. అనుమానం ఉన్న లేత ఆకులను పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, రోజూ కాగితం మార్చుతూ నీడలో ఆరబెట్టి, తేదీ, ఊరు, మొక్క పేరు రాసి దాచండి. ఈ వైరస్‌ల డీఎన్ఏ ఎండిన ఆకులో కూడా నిలిచి ఉంటుంది. ఆలస్యంగా పరీక్షించినా దొరుకుతుంది. ఈ సంగతి తెలియక నేను మొదటి ఏడాది ఆకులను తడిగుడ్డలో చుట్టి కుళ్ళబెట్టాను.

మా కంచెలో ముడత పట్టిన పదకొండు మొక్కలను ఈ ఏడాది సంక్రాంతి సెలవుల్లో తీసివేశాము. సంచులు పట్టుకున్నది ఆ బెండ రైతే. ఇంకా తొమ్మిది మొక్కలు పూస్తున్నాయి. ఏడవ తరగతి పిల్లలు ఎండిన ఆకులను అట్టల మీద అంటించి, ఒక వైపు తెలుగులో, ఒక వైపు కన్నడంలో వివరాలు రాశారు. మొక్క పేరు, ఊరి పేరు, తేదీ, వెనుకవైపు ఎన్ని ఈనెల మీద చిట్టి ఆకు మొలిచింది, అన్నీ రాశారు. తెగులు పేరు అనే గడి రెండు వైపులా ఖాళీగా ఉంది.